మా డి.ఇ. గారి నారద ప్రశ్నలు

వానలు ముఖం చాటేసిన ఏడాది ఊళ్ళో విరాటపర్వం చదివించడం తెలుగునాట పాత ఆచారం. శ్రీకాకుళం జిల్లాలో గెడ్డల (చిన్న వాగుల) మీద, చెరువుల మీద ఆధారపడి వరి పండించే ఊళ్ళలో ఆ ఆచారం నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఇంకా బాగానే సాగుతుండేది. 1983లో సాగునీటి పనులు చూసే ఒక సబ్‌డివిజన్ కార్యాలయంలో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు, విరాటపర్వానికీ వర్షానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని నాకు మొదట చెప్పినవారు పురాణం చెప్పే శాస్త్రిగారు కారు, మా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు. ఆఫీసులో అందరూ ఆయనను డి.ఇ. గారు అనే పిలిచేవారు కనుక ఇక్కడ కూడా అలాగే రాస్తాను. "విరాటపర్వం చదివితే వాన పడుతుందో లేదో నాకు తెలియదు కానీ, ఉద్యోగం చేసుకునేవాడికి మాత్రం గొడుగులా పనికొస్తుంది" అని ఆయన నవ్వుతూ అనేవారు.

ఆయన విజయనగరంలో మూడులాంతర్ల ప్రాంతంలో పుట్టి పెరిగినవారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో గానపాఠశాల మొదలైన ఊరు అది. ఆ ఊరి పెద్దల ఇళ్ళలో హరికథ, పద్యం, వీణ మూడూ గాలిలో కలిసి ఉండేవని ఆయన చెప్పుకునేవారు. చదివింది ఇంజనీరింగు అయినా, తండ్రిగారి దగ్గర భారతం మూడు పర్వాలు వరుసగా విన్నారు. శ్రీకాకుళంలో గుజరాతీపేటలో అద్దెకున్న ఆయన ఇంటి అరుగు మీద శనివారం సాయంత్రాలు మేము కొందరం చేరేవాళ్ళం. వావిళ్ళ వారు అచ్చువేసిన భారతం ప్రతి ఆయన చేతిలో ఉండేది. వచ్చేవారిలో నేను, డ్రాయింగుల నకళ్ళు గీసే మా ట్రేసరు, ఒక సెక్షన్ ఎ.ఇ. (అసిస్టెంట్ ఇంజనీరు) ఉండేవాళ్ళం, వీరందరి కంటే శ్రద్ధగా వినేవాడు కాలువ మీద పనిచేసే ఒక లస్కరు. అతనికి అక్షరం రాదు. అయినా పద్యనాటకాలు చూసి చూసి తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు రాగం తప్పకుండా పాడేవాడు. డి.ఇ. గారు తిక్కన పద్యం చదివి అర్థం చెప్పబోతే, ఒక్కోసారి అతనే ముందుగా అందుకునేవాడు. ఒక గెజిటెడ్ అధికారి అరుగు మీద లస్కరు కాళ్ళు ముడుచుకుని కూర్చుని భారతం వినడం ఆ రోజుల్లో చిన్న విషయమేమీ కాదని, ఆఫీసుల వాసన తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

మొదట మేము చదివింది విరాటపర్వం కాదు, సభాపర్వం. మయసభ కట్టిన తరువాత నారదుడు ధర్మరాజు కొలువుకు వస్తాడు. అతిథిగా వచ్చినవాడు ఆశీర్వదించి ఊరుకోక, వరుసగా ప్రశ్నలు వేయడం మొదలుపెడతాడు. సంస్కృతంలో ఒక అధ్యాయమంతా పరచుకున్న ఆ ప్రశ్నలను పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో ఉన్న నన్నయ కుదించి తెలుగు చేశాడు. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో రాముడు భరతుణ్ణి అడిగే ప్రశ్నలు కూడా ఇదే బాణీలో ఉంటాయి. నువ్వొక్కడివే కూర్చుని ఆలోచన తేల్చేస్తున్నావా, లేకపోతే మరీ పదిమందిని పోగేసి ఆలోచిస్తున్నావా? పెద్ద పనులకు పెద్దవారిని, మధ్యరకం పనులకు మధ్యరకం వారిని నియమిస్తున్నావా? తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిచ్చే పనులను వెంటనే మొదలుపెడుతున్నావా? చితికిన రైతుకు విత్తనము, తిండిగింజలు అందుతున్నాయా, నూటికి ఒకటి వడ్డీకి అప్పు పుడుతున్నదా? గుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, నా అన్నవారు లేనివారిని తండ్రిలా చూసుకుంటున్నావా? ఇలా సాగే ఆ జాబితాలో మా శాఖ వాళ్ళందరం ఉలిక్కిపడిన ప్రశ్న ఒకటుంది. రాజ్యంలో నిండుగా ఉన్న పెద్ద చెరువులు అక్కడక్కడా పంచినట్టుగా ఉన్నాయా, సేద్యమంతా వాన దయ మీదనే నడవడం లేదు కదా అని నారదుడు అడుగుతాడు. "న కృషిర్దేవమాతృకా" అన్న మాట చదివి డి.ఇ. గారు పుస్తకం మూసి, "చూశారా, మన శాఖ ఇన్‌స్పెక్షన్ ఎప్పటిదో" అన్నారు.

ఆయన చేతికింద పనిచేసిన కాలమంతా తరచి చూసుకుంటే, నాకు అర్థమైన విషయం ఒకటి. ఆయన ఆజ్ఞలు బహు తక్కువగా ఇచ్చేవారు, ప్రశ్నలు మాత్రం విడవకుండా వేసేవారు. చెరువు గట్టు మీద నడుస్తుంటే వెనకాల ఎ.ఇ., వర్క్ ఇన్‌స్పెక్టరు, లస్కర్లు, ఊరి రైతులు వస్తుండేవారు. మదుము (చెరువు తూము) తలుపు చివరిసారి ఎత్తిందెప్పుడు? ఎత్తినప్పుడు ఎవరున్నారు? చివరి పొలానికి నీరు చేరడానికి ఎన్ని రోజులు పట్టింది? గట్టు మీద ఈ తుమ్మ మొక్క మొలిచి ఎన్నాళ్ళయింది? అవి నిలదీసే ప్రశ్నలు కావు, గొంతులో విసుగు ఉండేది కాదు. కానీ జవాబు చెప్పలేకపోయినవాడు ఇంటికి వెళ్ళినా ఆ ప్రశ్న అతన్ని వదిలేది కాదు. నెల తిరిగేసరికి ఎ.ఇ.లు ఆయన రాకముందే చెరువు చుట్టూ ఒకసారి తిరిగి రావడం మొదలుపెట్టారు. మెమోలు ఇచ్చి సాధించలేనిది అలా జరగడం నేను కళ్ళారా చూశాను. నారదుడు కూడా ధర్మరాజుకు ఇది చెయ్యి, అది చెయ్యకు అని చెప్పలేదు. చేస్తున్నావు కదా అని అడిగాడు. ఆ అడగడంలో 'నువ్వు చేస్తూనే ఉంటావని నా నమ్మకం' అన్న మర్యాద ఉంది. తప్పించుకోవడానికి వీలులేని బిగింపూ ఉంది.

ఆ ప్రశ్నలన్నిటిలో ఆయన పట్టుదలగా పాటించింది జీతాల ప్రశ్న. సేనకు ఇవ్వవలసిన తిండీ వేతనమూ వేళకు ఇస్తున్నావా, జాప్యం చేయడం లేదు కదా, వేళ తప్పితే సేవకులు ఏలికపై కోపగిస్తారు, అది పెద్ద అనర్థం అవుతుంది అని నారదుడు స్పష్టంగా హెచ్చరిస్తాడు. వేసవిలో కాలువలు కట్టేశాక పూడికతీత పనులకు మస్టరు (కూలీల హాజరు పట్టీ) మీద కూలీలను పెట్టేవాళ్ళం. వాళ్ళ కూలి తాత్కాలిక అడ్వాన్సు సొమ్ము నుంచి పంచాలి. ఒక ఏడాది పై కార్యాలయం నుంచి ఆ సొమ్ము రావడం ఆలస్యమైంది. కారణం ఎవరూ చెప్పలేదు, కాగితం ఏదో ఒక బల్ల మీద పడి ఉన్నదని మాత్రం అందరికీ తెలుసు. డి.ఇ. గారు ఉత్తరం రాయడం మానేసి, మస్టరు రోల్సు సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని తెల్లవారే బస్సులో ఆ కార్యాలయానికి వెళ్ళారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. ఆ గుమాస్తా బల్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "బాబూ, ఈ వేలిముద్రలన్నీ ఒకసారి చూడండి, వీళ్ళలో ఎవరి ఇంట్లో ఈ పూట పొయ్యి వెలుగుతుందో నాకు చెప్పండి, వాళ్ళకు రేపిద్దాం" అన్నారు. సాయంత్రానికి చెక్కు చేతికి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆయన భారతం ఊసు ఎత్తనే లేదు, నేను మాత్రం బస్సు కిటికీ దగ్గర కూర్చుని సభాపర్వమే తలచుకున్నాను.

సభాపర్వం నుంచి విరాటపర్వానికి వచ్చాక మా అరుగు మీద వాదనలు పెరిగాయి. అజ్ఞాతవాసానికి బయలుదేరే ముందు పాండవులకు ధౌమ్యుడు రాజసేవ ఎలా చేయాలో చెబుతాడు. రాజు ఇంటి కంటే అందంగా ఇల్లు కట్టుకోకూడదట, రాజు వేసుకునే వేషం వేసుకోకూడదట, కొలువులో ఆవులింత, తుమ్ము, నవ్వు, ఉమ్ము బయటపడనీయకూడదట. పదమూడవ శతాబ్దపు నెల్లూరిలో మనుమసిద్ధి కొలువును దగ్గరగా చూసినవాడు కనుకనే తిక్కన చేతిలో ఈ పద్యాలు అంత సూటిగా వచ్చాయని నా అభిప్రాయం. అయితే కుర్రతనంలో నాకు ఇవన్నీ బానిసబుద్ధి నేర్పే మాటలుగా తోచాయి, ఆ మాటే పైకి అన్నాను కూడా. డి.ఇ. గారు కోప్పడలేదు. "ధౌమ్యుడు ఇది జీవితాంతం పాటించమనలేదయ్యా, ఒక్క ఏడాదికి చెప్పాడు. అయిదుగురు సింహాల్లాంటి వాళ్ళు నక్కి బతకవలసిన ఏడాది అది. ఏ మాట ఎవరికి, ఎప్పుడు చెప్పాడో చూడకుండా పద్యాన్ని పట్టుకుంటే అది కరుస్తుంది" అన్నారు. ఆ తరువాత ఈ ఆటవెలది చదివారు:

వసుమతీశుపాల వసియించు నేనుఁగు
తోడనైన దోమతోడనైన
వైరమగు తెఱంగు వలవదు తా నెంత
పూజ్యుఁడైన జనుల పొందు లెస్స

రాజు దగ్గర మెలిగే ఏనుగుతోనే కాదు, దోమతో కూడా వైరం పెట్టుకోవద్దు, తానెంత గౌరవం పొందేవాడైనా నలుగురి పొందు ఉండడమే మేలు అని తాత్పర్యం. లస్కరు వెంటనే, "ఆ దోమ నానే కదా బాబూ" అన్నాడు. అందరం నవ్వాం. డి.ఇ. గారు మాత్రం, "ఏనుగుతో పెట్టుకున్నవాడికి ఒక్కసారే ముప్పు, దోమతో పెట్టుకున్నవాడికి రోజూ రాత్రి నిద్రుండదు" అని బదులిచ్చారు. ఈ పద్యాన్ని ఆయన కింది ఉద్యోగికి చెప్పే జాగ్రత్తగా కాక, పై అధికారి తన గదిలో పెట్టుకోవలసిన మాటగా తిప్పి చదివారని నాకు అప్పుడు తెలియలేదు. జవానును ఏకవచనంతో పిలిచి గదమాయించే అధికారులు ఉన్న కాలంలో ఆయన లస్కర్లను కూడా మీరు అనే పిలిచేవారు.

విరాటపర్వంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపెట్టేది ఈ ఏర్పాటే. నారదుడి ముందు కూర్చుని ఏలిక ధర్మాలు విన్న ధర్మరాజే, ధౌమ్యుడి ముందు నిలబడి సేవకుడి ధర్మాలు విన్నాడు. రాజసూయం చేసినవాడు కంకుభట్టు అనే పేరుతో మరొకరి కొలువులో చేరాడు. వంటలో, నాట్యంలో, గుర్రాలశాలలో, ఆలమందల దగ్గర, అంతఃపురంలో మిగిలినవారు కుదురుకున్నారు. మన ఆఫీసుల్లో ఇన్‌చార్జి బాధ్యతలు చూసిన అధికారిని మళ్ళీ పాత కుర్చీలోకి పంపితే ఎంత చిన్నబుచ్చుకుంటాడో తెలిసినవారికి, ఆ ఏడాది పాండవులు పడిన కష్టం యుద్ధం కంటే చిన్నదని అనిపించదు. రాజ్యం చేయవలసినవాడికి రాజ్యం ఇచ్చే ముందు కింది కుర్చీలో ఒక ఏడాది కూర్చోబెట్టిన కథ ఇది.

ఆ కింది కుర్చీలో ధర్మరాజు ఏం చేశాడో చూడండి. ఉత్తరుడు గోవులను మళ్ళించుకుని వస్తున్నాడన్న వార్త విని విరాటుడు కొడుకును పొగుడుతుంటే, బృహన్నల తోడుండగా గెలవకేమి అని కంకుభట్టు అంటాడు. విరాటుడు మండిపడి పాచికతో ముఖం మీద కొడతాడు. రక్తం వస్తుంది. యుద్ధంలో కాక ధర్మరాజు నెత్తురు కళ్ళజూసినవాణ్ణి అర్జునుడు బతకనివ్వడు. అందుకని ఉత్తరుణ్ణి మాత్రమే లోపలికి పంపమని, బృహన్నలను కాసేపు ఆపమని కంకుభట్టు ద్వారపాలకుడికి చెప్పి పంపుతాడు. సైరంధ్రి ఆ రక్తం నేల రాలకుండా పడుతుంది. కొట్టినవాణ్ణి కాపాడడానికి దెబ్బ తిన్నవాడు ఇన్ని ఏర్పాట్లు చేయడమేమిటని ట్రేసరు అడిగితే, ఆ రోజు మా చర్చ చీకటి పడేదాకా సాగింది. సహనం అంటే నోరు మూసుకోవడం కాదని, అవతలివాడి తప్పు వల్ల ఇల్లు తగలబడకుండా చూసే ఒడుపు కూడా అందులో ఉన్నదని డి.ఇ. గారి వాదన. ఎ.ఇ. ఒప్పుకోలేదు. నాకు ఇప్పటికీ సగమే నమ్మకం.

అదే ఘట్టంలో అర్జునుడి నడవడిక గురించి మాత్రం మాలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. భయపడి రథం దిగి పారిపోయిన ఉత్తరకుమారుణ్ణి పట్టి తెచ్చి, ధైర్యం చెప్పి, పగ్గాలు అతని చేతికిచ్చి, కౌరవసేనను తానొక్కడే గెలిచి, చివరికి నగరంలో గెలుపు నీదేనని చెప్పుకో అంటాడు. ఉత్తరుడూ తక్కువవాడు కాదు, అంతటి అబద్ధం తాను చెప్పలేనని, అలాగని రహస్యం బయటపెట్టనని, ఒక దేవకుమారుడు వచ్చి గెలిపించాడని తండ్రికి చెబుతాడు. ఆ ఏడాది వర్షాకాలంలోనే ఒక చెరువు గట్టు దిగువన నీరు ఊరుతున్నదని మా లస్కరు గమనించాడు. గట్టుకు అడుగున తేటనీరు ఊరితే అంత కంగారు లేదు, బురదనీరు వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నదని, బుంగ పడుతున్నదని లెక్క. తెల్లారగట్ల వెళ్ళి గ్లాసుతో నీళ్ళు పట్టి, అడుగున తేరిన మట్టిని చూసి, పరుగున వచ్చి చెప్పాడు. రాత్రికల్లా ఇసుకబస్తాలతో కట్టు వేసి గట్టును నిలబెట్టారు. పై అధికారులు చూడడానికి వచ్చినప్పుడు, ఊరి రైతులందరి ముందూ డి.ఇ. గారు లస్కరును ముందుకు పిలిచి, ఈ గట్టును కాపాడినది ఈయన, ఆ గ్లాసు సంగతి ఈయన నోటనే వినండి అని పక్కకు తప్పుకున్నారు. నివేదికలో కూడా అతని పేరు, హోదా రాయించారు. చేసిన పనిని గుర్తిస్తున్నావా, చేసినవాణ్ణి మంచివారి నడుమ మెచ్చుకుంటున్నావా అన్నది కూడా నారదుడు అడిగిన ప్రశ్నే. అయితే అర్జునుడు చేయనివాడికి గెలుపు కట్టబెట్టాడు, మా డి.ఇ. గారు చేసినవాడికే ఇప్పించారు. ఆఫీసులకు ఈ రెండోదే ఆరోగ్యమని నేను అనుకుంటాను.

ఎఱ్ఱన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశాడు. పధ్నాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎఱ్ఱన ఆ మిగిలిన భాగాన్ని పూరించి, తన ఏలికకు కాక, నన్నయ పేరు మీదుగా రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. డి.ఇ. గారు మా సబ్‌డివిజనుకు వచ్చేసరికి, ముందరి అధికారి సగంలో వదిలివెళ్ళిన మదుము మరమ్మతు పని ఒకటి ఉండేది. కొత్తగా వచ్చినవారు పాత ఎస్టిమేటును తప్పుపట్టి మళ్ళీ మొదటి నుంచి గీయించడం మా శాఖలో ఆనవాయితీ. ఈయన పాత డ్రాయింగులను నాచేత బయటకు తీయించి, అవసరమైన చోట మాత్రమే మార్చి, పని పూర్తి చేయించారు. పూర్తి నివేదిక మొదటి వాక్యంలోనే ఆ ముందరి అధికారి రూపొందించిన ప్రకారం అని రాయించారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ అవసరమూ లేదు. నా చేత టైపు చేయించినప్పుడు నేను తల ఎత్తి చూస్తే, "అరణ్యపర్వం" అని ఒక్క మాట అన్నారు.

ఆయన మాట ఎప్పుడూ నెగ్గిందని రాస్తే అది అబద్ధమవుతుంది. ఒక పెద్ద సమావేశంలో, ఒక గట్టు పని నాణ్యత మీద ఆయన లేవనెత్తిన అభ్యంతరాన్ని పైవారు వినలేదు. ఆయన రెండోసారి లేచి చెప్పారు, మూడోసారి కూర్చోమన్నారు. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడంతటివాడు మాట్లాడినా, విదురుడు, భీష్ముడు, ద్రోణుడు చెప్పినా దుర్యోధనుడు వినలేదు. ఆ శనివారం అరుగు మీద ఆయన మామూలుగా చదివే క్రమాన్ని పక్కనపెట్టి, కౌరవసభలో కృష్ణుడి నోట తిక్కన పలికించిన పద్యం ఒక్కటే చదివారు:

సారపు ధర్మమున్ విమలసత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడున్

ధర్మమూ సత్యమూ పాపానికీ అబద్ధానికీ చిక్కి మునిగిపోతున్నప్పుడు, అడ్డుకోగలిగిన సమర్థులై ఉండి ఊరక చూస్తూ కూర్చున్నవారికే ఆ చేటు తగులుతుందని కృష్ణుడు సభలోని పెద్దల ముఖం మీదనే అంటాడు. ఎ.ఇ. మెల్లగా, "మీరు చెప్పవలసింది చెప్పారు కదండీ" అన్నాడు. "చెప్పడంతో నా పని అయిపోయిందా అన్నదే తేలలేదు" అని ఆయన పుస్తకం మూశారు. తరువాత ఆ అభ్యంతరాన్ని కాగితం మీద పెట్టి పంపారు. కొద్ది నెలలకు బదిలీ వచ్చింది. రెండింటికీ సంబంధం ఉందని కొందరు అన్నారు, ఆయన మాత్రం ఎన్నడూ అనలేదు.

ఈ మధ్య కాలంలో లీడర్‌షిప్ శిక్షణ తరగతుల్లో గీత నుంచి ఒక శ్లోకం తీసి తెర మీద వేసి, దాని కింద మూడు సూత్రాలు రాసి చూపిస్తున్నారు. సూపరింటెండెంటు అయ్యాక నన్నూ అలాంటి తరగతికి ఒకసారి పంపారు. వారి శ్రమను తక్కువ చేయను కానీ, భారతం అలా ముక్కలుగా కోస్తే రుచి పోతుంది. ఏ మాటను ఎవరు, ఎవరితో, ఏ ఇరకాటంలో ఉండి అన్నారన్నది వదిలేస్తే, ధౌమ్యుడి మాట లౌక్యంగా, కృష్ణుడి మాట నినాదంగా మిగులుతాయి. పద్యాన్ని గొంతెత్తి చదివి, పక్కవాడితో విభేదించి, వారం రోజులు ఆఫీసులో మోసి, మళ్ళీ శనివారం అరుగు మీదకు తెచ్చుకున్న చదువు అది. దానికి రెండు గంటల తరగతి చాలదు.

నా సెక్షనులో నేను కూడా ప్రశ్నల పద్ధతినే పట్టుకున్నాను. పెన్షను కాగితం ఎన్నాళ్ళుగా ఇక్కడుంది, ఆ మనిషి ఎన్నిసార్లు వచ్చి వెళ్ళాడు, వచ్చినప్పుడు కూర్చోమన్నామా అని అడుగుతుండేవాణ్ణి. నాకు డి.ఇ. గారి గొంతులోని నెమ్మది రాలేదు, అది వేరే విషయం. రెండు నెలలు ఓపిక పట్టాక మా టైపిస్టు అమ్మాయి ఒకరోజు ఫైళ్ళ కట్ట నా బల్ల మీద పెట్టి, "సార్, మీకు సమాధానాలు చెప్పుకునే కంటే పని చేసేయడమే తేలికగా ఉంది, ఇవన్నీ అయిపోయాయి, సంతకాలు పెట్టండి" అన్నది. ఆ సాయంత్రమే డి.ఇ. గారికి ఈ సంగతి ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా విజయనగరం నుంచి జవాబు కార్డు వచ్చింది. "ఆ అమ్మాయి పేరు పై అధికారికి రాశారా?" అన్న ప్రశ్న తప్ప అందులో మరేమీ లేదు. మర్నాడు రాశాను.